ఎంబీఏకి ముందా, తర్వాతా? సూరత్ తెలుగింట భాషా సంవత్సరం లెక్క

2,200 గంటలు. ఇంగ్లీషు మాతృభాషగా పెరిగినవారికి చైనీస్, జపనీస్, కొరియన్, అరబిక్‌లలో ఏదైనా ఒకటి ఉద్యోగానికి పనికొచ్చే స్థాయిలో రావాలంటే తరగతిలో ఇంత సమయం పడుతుంది. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ తన దౌత్యవేత్తల కోసం వేసుకున్న లెక్క ఇది. వారానికి 25 గంటలు, 88 వారాలు. రోజూ ఇంటి దగ్గర మూడు నాలుగు గంటల చదువు దీనికి అదనం. సూరత్‌లో సాంచాలు (మరమగ్గాలు) నడిపే ఇళ్ల కొలతలో చెప్పాలంటే 12 గంటల షిఫ్టులు 183. నెలకు 26 షిఫ్టులు పడితే, ఒక్క నాగా లేకుండా 7 నెలలు.

లింబాయత్, ఉధ్నా వైపు తెలుగిళ్లలో ఈ లెక్క అవసరం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు బీకాం, బీబీఏ పూర్తి చేసి ఎంబీఏ వైపు చూస్తున్నారు. వాళ్లకు తెలుగు, హిందీ, గుజరాతీ ఇంట్లోనూ వీధిలోనూ వచ్చేస్తాయి, ఇంగ్లీషు చదువులో వస్తుంది. ఇంకొక విదేశీ భాష కూడా చేతిలో ఉంటే బాగుంటుందని వాళ్లకే అనిపిస్తుంది. అనిపించడం సబబే. అయితే భాష కోసం ఒక ఏడాది పూర్తిగా కేటాయించాలంటే ఆ ఏడాదిని ఎక్కడ పెట్టాలి? డిగ్రీ అయిన వెంటనేనా, ఎంబీఏ మధ్యలోనా, పట్టా చేతికి వచ్చాకా? సలహా అడిగితే చుట్టుపక్కల వాళ్లు తలా ఒకటి చెబుతారు. అందుకే అంకెలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

సూరత్‌లో ఏ భాషకు పని ఉంది?

ముందుగా జపనీస్. హజీరాలో ఉన్న ఎస్సార్ ఉక్కు కర్మాగారం 2019 డిసెంబర్‌లో ఆర్సెలార్ మిట్టల్, నిప్పన్ స్టీల్‌ల ఉమ్మడి సంస్థ చేతికి వెళ్లింది. అందులో జపాన్ సంస్థ వాటా 40 శాతం. ముంబై, అహ్మదాబాద్‌ల మధ్య వేస్తున్న 508 కిలోమీటర్ల బుల్లెట్ రైలు మార్గం జపాన్ షింకాన్సెన్ పరిజ్ఞానంతో వస్తోంది. దాని సూరత్ స్టేషన్ అంత్రోలీ దగ్గర. ఉత్తర గుజరాత్‌కు వెళ్తే హన్సల్‌పూర్‌లో సుజుకి కార్ల ఫ్యాక్టరీ, విఠలాపూర్‌లో హోండా స్కూటర్ల ఫ్యాక్టరీ ఉన్నాయి.

చైనీస్ సంగతి వేరు. సూరత్ బట్టల పరిశ్రమలో వాటర్‌జెట్ మగ్గాలు, ఎంబ్రాయిడరీ మిషన్లు పెద్ద ఎత్తున చైనా నుంచే వచ్చాయి. మిషన్ ఆగిపోయి విడిభాగం కావాలన్నా, సెట్టింగ్ అర్థం కాకున్నా అవతలి వైపు మాట్లాడేది చైనా కంపెనీ మనిషి. 2020 జూన్‌లో భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో వీచాట్ ఒకటి. చైనా వ్యాపారులు రోజంతా వాడేది అదే. ఆ తర్వాత చైనా సాంకేతిక నిపుణులకు ఇక్కడి వీసాలు దొరకడం కష్టమైంది. మనిషి రాలేని చోట భాష తెలిసిన మనిషి విలువ పెరిగింది.

వజ్రాల దగ్గరికి వస్తే జాగ్రత్తగా ఆలోచించాలి. 2023 డిసెంబర్ 17న ప్రారంభమైన సూరత్ డైమండ్ బోర్స్‌లో 15 అంతస్తుల టవర్లు 9 ఉన్నాయి, నిర్మాణ విస్తీర్ణం 67 లక్షల చదరపు అడుగులు. సానబెట్టిన వజ్రాలకు హాంకాంగ్ పెద్ద మార్కెట్ కాబట్టి చైనీస్ నేర్చుకుందామని చాలామంది అనుకుంటారు. కానీ హాంకాంగ్ వీధిలో, దుకాణంలో మాట్లాడేది కాంటనీస్. బీజింగ్ మాండరిన్ అక్కడ రెండో భాష. లిపి కూడా చైనా ప్రధాన భూభాగంలో వాడే సరళ లిపి కాదు, తైవాన్‌లో వాడే సంప్రదాయ లిపి. మిషన్ల వ్యాపారం కోసమైతే సరళ లిపి, హాంకాంగ్ కొనుగోలుదారుల కోసమైతే సంప్రదాయ లిపి. ఏ దేశంలో చదవాలన్నది ఇక్కడే సగం తేలిపోతుంది. పైగా వజ్రాల బేరాల్లో ఆంట్‌వెర్ప్ దాకా గుజరాతీ చెల్లుతుంది. సూరత్‌లో పెరిగిన తెలుగు పిల్లలకు అది ఎలాగూ వచ్చు. వజ్రాల వ్యాపారం ఒక్కదాని కోసమే ఏడాది పెట్టి చైనీస్ చదవమని నేను చెప్పను.

ఏ భాషకు ఎన్ని గంటలు?

అదే అమెరికా సంస్థ లెక్కలో ఫ్రెంచ్, స్పానిష్ లాంటి భాషలకు 600 నుంచి 750 గంటలు చాలు. జర్మన్‌కు 900. రష్యన్‌కు 1,100. మన తెలుగు కూడా ఈ 1,100 గంటల వర్గంలోనే ఉంది, 44 వారాలు. చైనీస్, జపనీస్‌లకు దానికి సరిగ్గా రెట్టింపు.

ఇవి ఇంగ్లీషు తప్ప వేరే భాష తెలియని అమెరికన్లకు వేసిన అంచనాలు. మన పిల్లలకు కొన్ని చోట్ల తగ్గుతాయి. జపనీస్‌లో క్రియ వాక్యం చివరనే వస్తుంది, విభక్తులు పదం వెనక చేరతాయి. తెలుగు వాక్యం అలవాటున్నవాళ్లకు ఆ కూర్పు కొత్తగా అనిపించదు. అమెరికన్ విద్యార్థి నెలల తరబడి తడబడే చోట మనవాళ్లు వారాల్లో దాటేస్తారు. చైనా నుంచి వచ్చిన కంజీ లిపి దగ్గర మాత్రం ఈ సౌలభ్యం ఏమీ ఉండదు. 2010లో సవరించిన జపాన్ అధికారిక జాబితాలో నిత్య వాడుక కంజీ అక్షరాలు 2,136. వాటిని ఏ భాష నుంచి వచ్చినవాడైనా కూర్చుని రాసి నేర్చుకోవాల్సిందే.

జపనీస్ సామర్థ్య పరీక్షలో ఇప్పుడు ఎన్5 నుంచి పైకి ఎన్1 దాకా మెట్లు ఉన్నాయి. పాత పద్ధతిలో నాలుగు స్థాయిలు ఉండేవి. అన్నిటికంటే కింది స్థాయికి 150 గంటలు, 100 కంజీ, 800 పదాలు. తర్వాతిదానికి 300 గంటలు, 300 కంజీ, 1,500 పదాలు. ఆ పైదానికి 600 గంటలు, 1,000 కంజీ, 6,000 పదాలు. చివరిదానికి 900 గంటలు, 2,000 కంజీ, 10,000 పదాలు. అమెరికా వారి 2,200తో పోలిస్తే ఇవి తక్కువగా కనిపిస్తాయి. కానీ ఇది పెన్సిల్‌తో జవాబు గుర్తించే పరీక్ష. మాట్లాడే భాగం ఇందులో లేదు, ఇప్పటికీ లేదు. మీటింగ్‌లో కూర్చుని ధర మాట్లాడటానికి కావాల్సిన గంటలు వేరు.

చైనీస్ పరీక్ష హెచ్‌ఎస్‌కేలో ఆరు స్థాయిల పద్ధతి ప్రకారం మొదటి స్థాయికి 150 పదాలు, మూడోదానికి 600, నాలుగోదానికి 1,200, ఐదోదానికి 2,500, ఆరోదానికి 5,000. ప్రతి మెట్టుకూ పదాల సంఖ్య రెట్టింపు అవుతోంది. మొదటి మూడు మెట్లు చకచకా ఎక్కేసి భాష వచ్చేసిందనుకోవడం ఇందుకే సహజం. అక్కడే ఆపేయడం మాత్రం ప్రమాదకరం.

ఎంబీఏలో ఖాళీ ఎంత?

రెండేళ్ల ఎంబీఏలో సాయంత్రాలు చదువుకుంటే సరిపోదా అని అడుగుతారు. వారానికి 4 గంటలు, ఏడాదిలో 40 వారాలు అనుకుందాం. ఏడాదికి 160 గంటలు, రెండేళ్లకు 320. ఈ వేగంతో 2,200 గంటలు పూర్తి కావడానికి దాదాపు 14 ఏళ్లు పడుతుంది. అదే ఫ్రెంచ్ అయితే చిత్రం మారిపోతుంది. ఫ్రెంచ్ నేర్పే అలియాంస్ ఫ్రాంసేజ్ అంచనాలో, ఎ1 నుంచి సీ2 దాకా సాగే యూరప్ కొలమానం ప్రకారం, ఎ2 స్థాయికి 160 నుంచి 200 గంటలు, బీ1కి 360 నుంచి 400 గంటలు. రెండేళ్ల సాయంత్రాలతో ఎ2 దాటి బీ1 గుమ్మం దాకా వెళ్లొచ్చు. ఫ్రెంచ్, స్పానిష్ నేర్చుకునేవాళ్లకు పూర్తికాలపు ఏడాది అక్కర్లేదని నేను చెప్పేది ఈ లెక్క చూసే.

మొదటి, రెండో సంవత్సరాల మధ్య వేసవి ఉంది కదా అంటే, ఉంది, ఓ 8 వారాలు. వారానికి 25 గంటల చొప్పున 200 గంటలు. జపనీస్‌లో ఇది కింది నుంచి మొదటి మెట్టు దాటి కాస్త పైకి. కానీ ఆ 8 వారాలు ఇంటర్న్‌షిప్‌వి. చాలా కంపెనీలు ఉద్యోగం ఇచ్చేది ఆ ఇంటర్న్‌షిప్ చూసే. దాన్ని భాష కోసం వదులుకోవడం ఏ విధంగానూ లాభం కాదు. ఒక టర్ము విదేశీ బిజినెస్ స్కూల్లో చదివే అవకాశం ఉంటే అది మంచిదే, కానీ అక్కడా క్లాసులు ఇంగ్లీషులోనే. ఉన్న భాష పదును పెట్టుకోవడానికి ఆ మూడు నెలలు పనికొస్తాయి, మొదటి నుంచి నేర్చుకోవడానికి కాదు.

2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒకేసారి రెండు కోర్సులు చేసుకోవచ్చని అనుమతిచ్చింది. క్లాసుల వేళలు ఒకదాని మీదికి ఒకటి రాకుండా ఉంటే చాలు. కాబట్టి ఎంబీఏతో పాటు భాషలో డిప్లొమా చేయడానికి నిబంధన అడ్డం కాదు, గడియారమే అడ్డం.

భాషను, బిజినెస్‌ను కలిపి బోధించే కోర్సులు ప్రపంచంలో ఉన్నాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1983లో మొదలైన లాడర్ ఇన్‌స్టిట్యూట్ అందరికంటే పేరున్నది. 24 నెలల్లో వార్టన్ ఎంబీఏతో పాటు అంతర్జాతీయ అధ్యయనాల్లో ఎంఏ ఇస్తుంది. అయినా అక్కడి ప్రాంతీయ విభాగాల్లో చేరాలంటే ఆ భాష ముందే బాగా వచ్చి ఉండాలి. మాండరిన్ విభాగంలోకి మాండరిన్ రాని మనిషిని తీసుకోరు. అంత వసతి, అంత డబ్బు ఉన్న చోటే ఓనమాల నుంచి నేర్పించే పని పెట్టుకోలేదంటే, గంటల లెక్క వాళ్లకూ ఇంతే తేలిందన్నమాట.

ఇంట్లో వేసే లెక్క, అసలు లెక్క

ఇక డబ్బు. చర్చ ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే. లింబాయత్‌లో ఒక కుటుంబాన్ని అనుకుందాం. అమ్మాయి బీబీఏ పూర్తయింది. ఇప్పుడు ఉద్యోగంలో చేరితే నెలకు 25,000, అంటే ఏడాదికి 3 లక్షలు. ఎంబీఏ తర్వాత ఏడాదికి 12 లక్షలు వస్తుందని అనుకుందాం. ఎంబీఏకి 15 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ. ఇవన్నీ ఊహించిన అంకెలే, మీ ఇంటి అంకెలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి.

ఇంట్లో సాధారణంగా వేసే లెక్క ఇలా ఉంటుంది: భాష ముందు చదివితే పోయేది 3 లక్షల జీతం, ఎంబీఏ తర్వాత చదివితే పోయేది 12 లక్షల జీతం, కాబట్టి ముందు చదివితే 9 లక్షలు మిగులు. వినడానికి బాగుంది. కానీ తప్పు. నాలుగేళ్లను వరసగా రాసి చూడండి. ముందు భాష అయితే భాష, ఎంబీఏ, ఎంబీఏ, ఉద్యోగం. తర్వాత భాష అయితే ఎంబీఏ, ఎంబీఏ, భాష, ఉద్యోగం. రెండు దారుల్లోనూ మొదటి జీతం నాలుగో ఏటే. భాష లేకుండా వెళ్లి ఉంటే మూడో ఏడాదే 12 లక్షలు వచ్చేవి. అంటే భాషా సంవత్సరం ఖరీదు ఎక్కడ పెట్టినా 12 లక్షలే, దానికి చదువు ఖర్చు అదనం. ముందు పెడితే చౌక అనేది భ్రమ.

మరి తేడా ఎక్కడుంది? ఒకటి అప్పులో. బ్యాంకుల విద్యారుణాల నమూనా పథకం ప్రకారం కోర్సు కాలం, ఆపై ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు. ఎంబీఏ తర్వాత భాషకు వెళ్తే 15 లక్షల మీద ఏడాదికి లక్షన్నర వడ్డీ పెరుగుతుంది. అంతకంటే ముఖ్యం, ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చిన ఆ ఏడాది గడువు కాస్తా భాష క్లాసుల్లో అయిపోతుంది. తిరిగి వచ్చిన నెలే వాయిదా మొదలవుతుంది. 15 లక్షలు, 10 శాతం, 10 ఏళ్లు అయితే నెలకు 20 వేలకు కాస్త తక్కువ. సాంచా నడిపే తండ్రి ఆ వాయిదా నాలుగు నెలలు కట్టాల్సి వస్తే ఇల్లు ఎంత నలుగుతుందో సూరత్ తెలుగువారికి నేను చెప్పక్కర్లేదు.

రెండోది క్యాంపస్ నియామకాలు. అవి కోర్సు చివరి ఏడాదిలోనే వస్తాయి. ఆఫర్ తీసుకుని ఏడాది ఆగమంటే ఆగే కంపెనీలు అరుదు. ఆ అవకాశం వదులుకుని, ఏడాది తర్వాత సొంతంగా ఉద్యోగం వెతుక్కోవడం పరిచయాలున్న కుటుంబాలకు సాధ్యం. తొలి తరం పట్టభద్రులకు క్యాంపస్సే పరిచయం.

తర్వాత పెట్టడంలో ఒక నిజమైన లాభం ఉంది. భాష తాజాగా ఉండగానే ఉద్యోగంలో పడుతుంది. ముందు నేర్చుకుంటే రెండేళ్ల ఎంబీఏ గండం దాటించాలి. వారానికి 4 గంటలు, రెండేళ్లకు 320 గంటలు అన్నాం కదా. కొత్తగా నేర్చుకోవడానికి చాలని ఆ గంటలు వచ్చినదాన్ని నిలుపుకోవడానికి సరిపోతాయి, కానీ ఒక మెట్టు దాటినవాళ్లకే. జపనీస్‌లో ఎన్3, చైనీస్‌లో నాలుగో స్థాయి దాటితే సొంతంగా వార్తలు చదవగలరు, సీరియల్ చూడగలరు, భాష దానంతట అది కొంత బతుకుతుంది. అంతకు కిందే ఆగితే ఎంబీఏ రెండో టర్ముకే చాలావరకు చెరిగిపోతుంది. ఆర్నెల్లు జపనీస్ చదివి ఎంబీఏలో చేరడం అన్నిటికంటే నష్టపు బేరమని నా అభిప్రాయం. డబ్బూ పోతుంది, భాషా మిగలదు.

కాబట్టి అప్పు చేసి ఎంబీఏ చదివే ఇంటికి, చైనీస్ లేదా జపనీస్ కావాలనుకుంటే, భాష ముందు. అది కూడా ఎంబీఏ మొదలయ్యే నెల దాకా ఆనుకుని ఉండాలి, మధ్యలో ఖాళీ రాకూడదు. సొంత వ్యాపారం ఎదురుచూస్తున్న ఇంటికి, అప్పు లేని ఇంటికి భాష తర్వాత. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్‌లో దుకాణం ఉన్నవాళ్లకు క్యాంపస్ ఇంటర్వ్యూలతో పని లేదు. చైనాలో ఏడాది చదివి, అట్నుంచి అటే మిషన్ల కంపెనీలను చూసి వచ్చేయొచ్చు.

స్కోరుకూ గడువు ఉంది

ముందు అని తేల్చుకున్నాక కూడా క్యాలెండర్ సులువుగా కుదరదు. ఐఐఎంలకు రాసే క్యాట్ స్కోరు ఒక్క ఏడాది ప్రవేశాలకే పనికొస్తుంది. జీమ్యాట్, జీఆర్‌ఈ స్కోర్లు 5 ఏళ్లు ఉంటాయి. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ 2 ఏళ్లు. హెచ్‌ఎస్‌కే స్కోరు చైనా విశ్వవిద్యాలయాల ప్రవేశానికి 2 ఏళ్లు. జపనీస్ పరీక్ష సర్టిఫికెట్‌కు, ఫ్రెంచ్ డెల్ఫ్ పట్టాకు గడువు లేదు. అంటే జీమ్యాట్ ముందే రాసి పక్కన పెట్టుకుని భాషకు వెళ్లొచ్చు. క్యాట్‌తో అది కుదరదు. క్యాట్ భారతదేశంలోని కేంద్రాల్లోనే జరుగుతుంది. భాష కోసం విదేశంలో ఉంటే నవంబర్‌లో విమానం ఎక్కి రావాలి. వచ్చినా, అక్కడి క్లాసుల మధ్య క్యాట్ చదువు సాగడం కష్టం.

ఇంకో ఇరకాటం చూడండి. 2024లో క్యాట్ నవంబర్ 24న, జపనీస్ పరీక్ష డిసెంబర్ 1న. 2025లో క్యాట్ నవంబర్ 30న, జపనీస్ డిసెంబర్ 7న. రెండేళ్లూ మధ్యలో సరిగ్గా 7 రోజులు. రెండూ రాయాలనుకునేవాళ్లు జపనీస్‌ను జూలై మొదటి ఆదివారానికి మార్చుకోవడం మేలు. ఆ పరీక్ష ఏడాదికి రెండుసార్లు ఉంటుంది.

జపాన్‌లో భాషా పాఠశాల అంటే ఏమిటో కూడా దగ్గరగా చూడాలి. విద్యార్థి వీసా ఇచ్చే పాఠశాలలో వారానికి కనీసం 20 పీరియడ్లు, ఏడాదికి కనీసం 760 పీరియడ్లు ఉండాలి. పీరియడ్ అంటే 45 నిమిషాలు. గడియారంలో చూస్తే 570 గంటలే. పూర్తికాలపు ఏడాది అంటే వెయ్యి గంటలు అనుకుని వెళ్లినవాళ్లు ఈ అంకె దగ్గర ఆగి ఆలోచించాలి. మిగతా సగం మధ్యాహ్నాల్లో ఎవరికివారు చదువుకోవాలి. అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల దాకా పని చేసుకోవచ్చు, చాలామంది అదే చేస్తారు. ఆ 28 గంటలూ కన్వీనియన్స్ స్టోర్ కౌంటర్‌లో కొనేవాళ్లతో మాట్లాడుతూ గడిస్తే భాషకు లాభం. గోదాములో రాత్రిపూట పెట్టెలు మోస్తూ గడిస్తే మర్నాడు క్లాసులో నిద్ర. ఇలా చూసుకుంటే కంజీ రాని మన విద్యార్థికి ఏడాదిలో ఎన్3 న్యాయమైన లక్ష్యం. ఎన్2 కావాలంటే ఇక్కడే ఎన్4 దాకా చదివి వెళ్లాలి. ప్రవేశాలు ఏప్రిల్, జూలై, అక్టోబర్, జనవరిల్లో ఉంటాయి. ఏప్రిల్‌లో వెళ్తే మార్చికి ఏడాది పూర్తవుతుంది, జూన్‌లో ఎంబీఏ. ఈ వరస చక్కగా అతుకుతుంది.

చైనీస్‌కు తైవాన్ ప్రభుత్వం హువాయు పేరుతో ఇచ్చే భాషా ఉపకార వేతనం ఉంది. 2, 3, 6, 9, 12 నెలల కాలాలకు ఇస్తారు. చాలా ఏళ్ల పాటు నెలకు 25,000 తైవాన్ డాలర్ల స్థాయిలో ఉండేది, మన డబ్బులో 65 నుంచి 75 వేలు. ఫీజు, విమానం, అద్దె అందులోంచే. వారానికి కనీసం 15 గంటల క్లాసులు తప్పనిసరి. ఉపకార సంవత్సరం సెప్టెంబర్‌లో మొదలై ఆగస్టులో ముగుస్తుంది. 12 నెలలు తీసుకుంటే జూన్‌లో మొదలయ్యే ఎంబీఏ తప్పిపోతుంది. 9 నెలలు తీసుకుంటే మే చివరికి ఇంటికి వచ్చేస్తారు. మన క్యాలెండర్‌కు కుదిరేది 9 నెలలదే. క్లాసులు 33 వారాలు నడిస్తే 495 గంటలు. 2,200లో నాలుగో వంతు కూడా కాదు. కాబట్టి ఇక్కడా డిగ్రీ చివరి రెండేళ్లలో పునాది పడి ఉండాలి. దరఖాస్తులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెట్టుకోవాలి, సరిగ్గా డిగ్రీ చివరి పరీక్షల ముందు.

దేశం తలుపులు మూసుకుంటే పథకం తలకిందులవుతుందన్న సంగతి కూడా గుర్తుండాలి. 2020 మొదట్లో ఆగిపోయిన చైనా విద్యార్థి వీసాలు భారతీయులకు 2022 ఆగస్టులో గానీ మళ్లీ మొదలు కాలేదు. నేరుగా వెళ్లే విమానాలు 2025 అక్టోబర్ దాకా లేవు. అందుకే ఒక దారి దేశంలోనూ ఉంచుకోవాలి. హైదరాబాద్‌లో 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా పుట్టి 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూలో చైనీస్, జపనీస్, రష్యన్, అరబిక్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ బోధిస్తారు. సూరత్ తెలుగు పిల్లలకు బంధువుల ఊరికి దగ్గర కూడా.

అసలు కావాల్సింది ఇంగ్లీషేనేమో

ఇంతసేపూ విదేశీ భాషల గురించి చెప్పాను. నా మనసులో ఎక్కువ బరువుగా ఉన్నది మాత్రం వేరే. సూరత్ నగరపాలక విద్యా సమితి బడులు 7 మాధ్యమాల్లో నడుస్తాయి: గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు. వలస వచ్చిన కార్మికుల పిల్లలకు సొంత భాషలో బడి పెట్టిన నగరం అని సూరత్‌ను మెచ్చుకోవాలి. ఆ తెలుగు బడిలో 8వ తరగతి దాకా చదివి, తర్వాత గుజరాతీలోకో హిందీలోకో మారి, కాలేజీలో అర్ధ ఇంగ్లీషు, అర్ధ గుజరాతీ పాఠాలు విన్న పిల్లవాడు ఎంబీఏ గదిలోకి వెళ్లేసరికి అంతా ఇంగ్లీషే. కేసు ఇంగ్లీషు, చర్చ ఇంగ్లీషు, ఇంటర్వ్యూ ఇంగ్లీషు. వాడి తెలివికి ఏమీ తక్కువ లేదు. నోరు విప్పే వేగం తక్కువ, అంతే. కేసు మీద చర్చ మొదలై పది నిమిషాల్లో ముగిసే చోట, మాటలు కూర్చుకోవడానికి అర నిమిషం తీసుకునే పిల్లవాడికి వంతు రాదు. మార్కుల్లో క్లాసులో పాల్గొన్నందుకు వేసే భాగం అలా పోతుంది.

క్యాట్‌లోనూ ఇది కనిపిస్తుంది. 2024 పరీక్షలో మొత్తం 68 ప్రశ్నలు, 120 నిమిషాలు. అందులో 24 ప్రశ్నలు ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే విభాగానివి. మూడో వంతు కంటే ఎక్కువ.

ఇక్కడ గంటల లెక్క మాత్రం ఎంతో ఊరటనిస్తుంది. కేంబ్రిడ్జ్ అంచనాలో మొదటి నుంచి బీ1 స్థాయికి 350 నుంచి 400 గంటలు, బీ2కి 500 నుంచి 600, సీ1కి 700 నుంచి 800. డిగ్రీ పూర్తి చేసిన మన పిల్లల్లో చాలామంది బీ1 దగ్గర ఉంటారని అనుకుంటే, క్లాసులో ధైర్యంగా వాదించగలిగే సీ1కి ఇంకా 400 గంటలు. వారానికి 25 గంటల చొప్పున 16 వారాలు. ఏడాది అక్కర్లేదు, విదేశం అక్కర్లేదు, ఫిబ్రవరి నుంచి మే దాకా చాలు. క్యాట్ అయిపోయి, ఇంటర్వ్యూలు జరుగుతూ, జూన్‌లో కోర్సు మొదలయ్యే లోపు సరిగ్గా ఆ నాలుగు నెలలే చాలామందికి ఖాళీగా గడుస్తాయి. గుజరాత్ కళాశాలల్లో సీమ్యాట్ స్కోరుతో చేరేవాళ్లకు ఈ ఖాళీ ఇంకా ఎక్కువ ఉండొచ్చు.

జపనీస్ కోసం ఏడాది పెట్టాలా అని అడిగే పిల్లలను నేను ముందు ఒక పని చేయమంటాను. ఏదైనా ఇంగ్లీషు వ్యాపార పత్రికలోంచి రెండు పేజీల వ్యాసం తీసుకుని 10 నిమిషాల్లో చదివి, కాగితం పక్కన పెట్టి, దాని మీద మీ అభిప్రాయం 3 నిమిషాలు ఆగకుండా ఇంగ్లీషులో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మధ్యలో మూడు సార్లకు మించి గుజరాతీలోకో తెలుగులోకో జారితే మొదటి 400 గంటలు ఇంగ్లీషుకే పెట్టాలి. జారకపోతే, రెండో ఏడాది డిగ్రీలో ఉన్నవాళ్లు ఈ వారమే జపనీస్ తొలి లిపి హిరాగానా మొదలుపెట్టొచ్చు. 46 అక్షరాలు. రోజుకు 5 చొప్పున రాసి నేర్చుకుంటే 10 రోజుల్లో వస్తాయి. ఎన్5ను వచ్చే జూలైలో, ఎన్4ను ఆపై జూలైలో రాస్తే, తర్వాతి ఏప్రిల్‌లో జపాన్ పాఠశాలలో చేరే నాటికి చేతిలో 300 గంటల చదువు ఉంటుంది.